దూలం దిగమన్న మనిషి

ఆ మధ్యాహ్నం ఆమె చూసింది ఎవరి కాలిని? నా కూతురి కాలినా, పదిహేనేళ్ళ వయసులో విరిగిన తన కాలినా?

రియాద్ నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు సామాన్లతో పాటు ఈ ప్రశ్న కూడా వెంట వచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేసి అడగవచ్చులే, మనిషి ఉంది కదా అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. పోయిన శుక్రవారం, మేం అక్కలా చూసుకునే కడప ఆపా దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. రియాద్‌లో, మలాజ్ పేటలో మేమున్న బిల్డింగ్‌లోనే పై అంతస్తులో ఉండేది ఆపా. ఇప్పటికీ అక్కడే ఉంది.

“చెల్లెమ్మా, మన పిల్లోళ్ళ కోచమ్మ పోయిందంట. తాష్కెంట్‌లో, వాళ్ళ చెల్లెలింట్లో. గుండె ఆగిపోయిందంట. పాపకు నువ్వే చెప్పు. నాకు నోరు రావడంల్యా.”

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు తెలియదు. ఒకప్పుడు సోవియట్ దేశం మొత్తానికి జిమ్నాస్టిక్స్ ఛాంపియన్. ఆ దేశమే ఇప్పుడు లేదు, దాని ఛాంపియన్లు ఎవరికి గుర్తు? మా అమ్మాయికి ఆమె కోచ్, ఆపాకు కోచమ్మ, అంతే. తాష్కెంట్‌లో డాక్టరీ చదవడానికి వచ్చిన సూడాన్ కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకుని, అతని ఉద్యోగం వెంట రియాద్ చేరింది. మలాజ్‌లో ఒక ప్రైవేటు ఆడపిల్లల బడి, క్లాసులు వదిలాక కింది హాలును ఆమెకు ఇచ్చేది. కిటికీ అద్దాలకు లోపలి నుంచి కాగితాలు అంటించి ఉండేవి. లోపల మందపాటి పరుపులు, ఒక ఇనుప కమ్మీ, పల్టీలు కొట్టడానికి బెత్తెడు వెడల్పున్న, నేలకు ఆనించిన ఒక బీమ్, ఛాతీ ఎత్తున మరో బీమ్. ఆపా దాన్ని దూలం అనేది. మా ఇంట్లోనూ ఆ మాటే స్థిరపడింది.

మేం మొదటిసారి వెళ్ళినరోజు ఒక సిరియా పిల్ల ఎత్తు దూలం మధ్యలో బిగుసుకుపోయి ఏడుస్తోంది. కోచ్ యాభై దాటిన మనిషి. నడుము లావు, ఎడమ కాలు కొంచెం కుంటేది. “ఈయమ్మ పల్టీ కొడితే బిల్డింగే ఊగుతాదేమో మే,” అని ఆపా నా చెవిలో గొణిగింది. కోచ్ బూట్లు విప్పింది. అరచేతులు దూలం మీద ఆనించి, ఒక్క ఊపులో పైకెక్కి, ఆ పిల్ల దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళింది. నేల మీద కుంటే కాలు అక్కడ కుంటలేదు. అప్పటికి నా కూతురు నా చేతిలోంచి చెయ్యి లాగేసుకుని బూట్లు విప్పుతోంది.

మొదట్లో వారాల తరబడి పడడం ఒక్కటే నేర్పింది. వెనక్కి పడు, పక్కకు పడు, చేతులు ముడిచి దొర్లు. తల్లులు విసుక్కున్నారు. మా ఆయనైతే రోజూ ఎగతాళే. “పైసల్ కట్టి మరీ పడుడు నేర్పిస్తున్నవా? మన కరీంనగర్ల పోరగాండ్లు ఉత్తగనే పడ్తరు గదనే!” నేను ఆ మాట కోచ్‌కు అరబిక్, ఇంగ్లీషు కలిపి చెప్పాను. ఆమె నవ్వలేదు. “నాకు ముందు ఎక్కడం నేర్పారు,” అంది. ఈ మధ్య మా అమ్మాయి కాలేజీ మెట్ల మీద జారి, బంతిలా దొర్లి, పుస్తకాలు దులుపుకుంటూ లేచిందని స్నేహితురాళ్ళు చెప్పారు. కోచ్‌కు నేను ఎంత రుణపడ్డానో అలాంటప్పుడు తెలుస్తుంటుంది.

హాల్లో బరువు చూసే మిషన్ ఉండకూడదు. ఎవరో తల్లి ఒకసారి తెస్తే ఆమె దాన్ని తలుపు బయట పెట్టించింది. క్లాసు మొదలయ్యే ముందు పిల్లలందరికీ తలా ఒక ఖర్జూరం ఇచ్చేది. ఖర్జూరాలకు పేరున్న ఉనైజా నుంచి ఒక విద్యార్థిని తండ్రి డబ్బాలు పంపేవాడు. తినకుండా ఎవరూ పరుపు ఎక్కకూడదు. దీని వెనక సంగతి తరవాత తెలిసింది. ఆమె పెరిగిన ఆటల హాస్టల్లో పొద్దున్నే పిల్లలందర్నీ తూచేవారట. ముందురోజు కంటే ముల్లు కాస్త జరిగితే ఆ పూట తిండి లేదు. రొట్టె ముక్కలు తలగడ గలీబులో దాచుకుని, దుప్పటి కింద చప్పుడు కాకుండా నమిలేవారట.

ఆ హాస్టల్‌కు ఎలా వెళ్ళావని అడిగాను. శిక్షకుడొకాయన బడికి వచ్చి, చిన్నపిల్లలందర్నీ కమ్మీ పట్టుకుని వేలాడమని చెప్పి పక్క గదిలోకి వెళ్ళాడట. టీ తాగాడో, మరిచేపోయాడో. తిరిగి వచ్చేసరికి ఒక్క ఆరేళ్ళ పిల్ల మిగిలింది. “నాకు బలం ఎక్కువని అనుకున్నాడు. నన్ను దిగమని ఎవరూ చెప్పలేదు, అందుకే ఉన్నాను,” అందామె. చెబుతూ తన అరచేతులు చూసుకుంది.

పదిహేనో ఏట దేశ ఛాంపియన్ అయింది. దూలం మీద. ఆ రోజు హాలంతా జనం ఉన్నా తన పాదం దూలానికి తొడిగిన తోలు మీద రాసుకున్న చప్పుడు తనకు వినిపించిందట. తాష్కెంట్ విమానాశ్రయంలో పూలు, బ్యాండు, పుచ్చకాయలు మోసుకొచ్చిన రైతులు. వాళ్ళ నాన్న ట్రామ్ డ్రైవరు. డ్యూటీ బట్టల్లోనే పరుగున వచ్చాడు. గుంపులో ఆయన్ను ఎవరూ ముందుకు రానివ్వలేదు. కూతురు కారెక్కుతుంటే జనం తలల మీదుగా టోపీ ఊపాడు. అంత పెద్ద విజయం గురించి ఆమె చెప్పినప్పుడల్లా చివరికి మిగిలేది ఆ టోపీయే.

ఏడాది తిరగకముందే అంతా అయిపోయింది. పెద్ద పోటీకి ముందు ప్రాక్టీసులో, అప్పటిదాకా ఆడపిల్లలు పెద్దగా చెయ్యని వెనక్కి పల్టీ ఒకటి చేస్తూ కాలు దూలానికీ పరుపుకూ మధ్య పడింది. మడమ దగ్గర విరిగింది. ఈ కథను ఆమె రెండుసార్లు చెప్పింది. రెండూ ఒకలా లేవు.

మొదటిసారి మా ఇంట్లో టీ తాగుతూ చెప్పింది. కాలు ముందు నుంచే నొప్పి. ఇక చాలు అంటే శిక్షకుడు ఒప్పుకోలేదు. “ఆఖరిసారి, ఒక్కటే,” అన్నాడు. చేసింది. కొన్ని నెలల తర్వాత, హాల్లో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఇంకోలా చెప్పింది. శిక్షకుడు చాలు, ఇంటికి పో అన్నాడట. కోటు కూడా వేసుకున్నాడట. తనే బతిమాలింది: “ఆఖరిసారి, ఒక్కటే.” నేను ఆమె ముఖంలోకి చూశాను. తడబాటు లేదు. పిల్లల కోసం మార్చి చెప్పిందా, నా కోసం మార్చి చెప్పిందా? బహుశా ఆమెకే ఏది నిజమో తెలియకుండా పోయిందా? అప్పుడే అడగవలసింది. అలాంటివి అడగాలంటే నాకు మొహమాటం.

ఎవరన్నారో గానీ ఆ మాట మాత్రం ఆమె హాల్లో ఎవరి నోటా రాకూడదు. లాస్ట్, ఆఖిర్, చివరిది, ఏ భాషలోనైనా సరే. “ఇంకొకటి” అనాలి. చిట్టచివరి పల్టీకి కూడా ఇంకొకటి అనే అనాలి. వాళ్ళ దేశంలో ఆటగాళ్ళు, విమానాలు నడిపేవాళ్ళు కూడా ఇలాగే ఆ మాటను తప్పిస్తారని చెప్పింది. నేను నవ్వుకుంటే ఆపా నన్ను మందలించింది. “నువ్వు మీ ఇంట్లో బియ్యం అయిపోయినాయంటావా? నిండుకున్నాయంటావు గదా. గడప దాటేటప్పుడు పోతానంటావా? పోయొస్తానంటావు. ఎంఎస్సీ చదివినావు, ఇది తెలీదా?”

ఆ తర్వాత మాలాంటి పరదేశీయుల మీద లెవీలు, అంటే పన్నులు, వచ్చాయి. సౌదీవాళ్ళకు ఎన్ని ఉద్యోగాలిచ్చారన్న దాన్ని బట్టి కంపెనీలకు వేసే నితాఖాత్ రంగులు మొదలైనప్పటి నుంచే మగవాళ్ళు కంపెనీ ఎరుపులో ఉందా పచ్చలో ఉందా అని మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఇంట్లో భార్యాపిల్లలకు కూడా తలకింత కట్టాలి, ఏటేటా పెరుగుతుంది అన్నారు. దాన్ని అందరూ ఫ్యామిలీ టాక్స్ అనేవారు. మలాజ్ సందుల్లో మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సైకిళ్ళు కాలిబాట మీదికి వచ్చాయి. మా అమ్మాయి క్లాసులో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. మా ఆయన మమ్మల్ని వీసా రద్దు చేయించి ఎగ్జిట్ మీద ఇంటికి పంపేసి తను బ్యాచిలర్ రూముకు మారిపోదామని నిర్ణయించుకున్నాడు. కోచ్ భర్త పనిచేసే క్లినిక్‌లో కొత్త కాంట్రాక్టు రాలేదు. వాళ్ళకూ ఫైనల్ ఎగ్జిట్ పడింది. బడివాళ్ళు కింది అంతస్తు మూసేస్తూ పరుపులు, దూలాలు తాయిఫ్‌లో ఎవరికో అమ్మేశారు.

అప్పటికి మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఒక రోజు క్లాసయ్యాక కోచ్ నన్ను పక్కకు పిలిచింది. ఆమెతో ఒకప్పుడు జట్టులో ఉన్నావిడ బెంగళూరులో ఒక శిక్షణ కేంద్రంలో నేర్పుతోందట. ఈ ఏడు ఒక్క సీటు ఉందట. “ఎత్తు దూలం మీద, ఎవరూ పక్కన నిలబడకుండా, వెనక్కి వంగి చేతుల మీదుగా తిరిగి నిలబడాలి. వీడియో చూసి తీసుకుంటుంది. నా మాట మీద తీసుకోదు. నేనైనా తీసుకోను.” తర్వాత, ఎప్పుడూ లేనిది, నా భుజం మీద చెయ్యి వేసింది. “ఈ పిల్లకు భయం ఆలస్యంగా వస్తుంది. అది మంచిదో కాదో నాకు తెలియదు.”

మా అమ్మాయి ఆ నెలంతా వేరే మనిషి అయిపోయింది. బట్టలు సర్దుతుంటే నా వెనక టైల్స్ గీత మీద నడిచేది. అన్నం దగ్గర కూడా భుజాలు తిప్పుకుంటూ కూర్చునేది. “సీటు రాకపోతే ఏమైతదే?” అని వాళ్ళ నాన్న అంటే, “ఏం కాదు. నేను ఏం కాను,” అంది. ఆ జవాబు విని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పన్నెండేళ్ళ పిల్ల అనవలసిన మాటేనా అది?

వీడియో తీయడానికి కుదిరిన రోజు మా విమానానికి ముందు రోజు. హాలు ఖాళీ చెయ్యాల్సింది కూడా అదే రోజు. వీడియో ఆ సాయంత్రానికి వెళ్ళాలి. ఆపా వాళ్ళాయన మమ్మల్ని కారులో దించి బయటే ఉన్నాడు. ఆపా ఫోన్ పట్టుకుని నిలబడింది. మామూలుగా కోచ్ చెయ్యి పిల్లల నడుము కింద, తగలకుండా, అరచేయి దూరంలో ఉండేది. ఆ రోజు ఆ చెయ్యి తీసేసి గోడ దాకా వెనక్కి జరిగింది. ఆమె అంత దూరంలో నిలబడగా నేను ఎప్పుడూ చూడలేదు.

మొదటిసారి పాదం సగం దూలం మీద, సగం గాల్లో పడింది. పిల్ల పక్కకు పడి, నేర్చుకున్నట్టే దొర్లి లేచింది. రెండోసారి తిరిగి దూలం మీదే దిగింది, కానీ ఒళ్ళంతా ఊగిపోయింది. చేతులు గాలిలో కొట్టుకుని కొట్టుకుని నిలబడింది. “ఇది చాలదా?” అన్నాను.

“పంపవచ్చు. తీసుకోరు,” అంది కోచ్.

అప్పుడే ఇనుప తలుపు దబదబా మోగింది. సామాను విప్పి లారీకెక్కించడానికి వచ్చిన పనివాళ్ళు. బయట తెలుగు మాటలు వినిపించాయి. లోపల ఆడపిల్లలుండగా వాళ్ళు అడుగు పెట్టకూడదు. ఆపా తలుపు తీయకుండానే లోపలి నుంచి కేక వేసింది.

“ఉండన్నా, ఆడపిల్లోళ్ళు ఉండారు!”

“ఎర్కే అమ్మా. గని మా కఫీల్ సేటు ఫోన్ మీద ఫోన్ కొడుతుండు. బండోడు లొల్లి పెడుతుండు. మేమేం జెయ్యాలె?”

“మీది యా ఊరన్నా?”

“జగిత్యాల దిక్కమ్మా.”

“ఈయమ్మది కరీంనగరే. మీ దిక్కు ఆడబిడ్డ కూతురే ఈడ దూలమెక్కి ఉండేది. రవ్వంత ఓపిక పట్టు.”

“గట్లనా? కానియ్యిండ్రి మరి. జర జల్ది.”

మా అమ్మాయి మళ్ళీ ఎక్కింది. దూలం కొసన నిలబడి, మునివేళ్ళు సర్దుకుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆపా ఫోన్ ఎత్తింది. పిల్ల కోచ్ వైపు చూసి నవ్వబోయి, “ఇదే లాస్ట్ కోచ్. ప్లీజ్,” అంది.

నేను కోచ్ వైపు తిరిగాను. ఆమె చూపు పిల్ల పాదం మీద ఉంది. ఆ మాటకు ముందు నుంచీ అక్కడే ఉందా, మాట విన్నాక అక్కడికి దిగిందా అన్నది నేను చూడలేదు. ఆమె గోడ దగ్గర నుంచి కదిలి, కుంటుతూ వచ్చి, పిల్ల పాదాల ముందు దూలం మీద అరచేయి ఆనించింది.

“దిగు.”

“ఎందుకు?”

“కాలు.”

“నా కాలికేం కాలేదు.”

“దిగు.”

“నొప్పి లేదంటోంది కదా కోచ్,” అన్నాను నేను.

“నొప్పి లేదని ఎవరైనా అంటారు,” అందామె, నా వైపు చూడకుండానే.

మా అమ్మాయి దిగలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ చప్పుడు లేదు. కోచ్ చెయ్యి తీయలేదు. తలుపు మళ్ళీ మోగింది. ఎవరూ కదల్లేదు. చివరికి పిల్ల కోచ్ చెయ్యి ఉన్న వైపు కాకుండా అవతలి వైపుకు దూకి, పరుపు మీద నుంచి నేరుగా బూట్ల దగ్గరికి నడిచింది. నేను ఆ నడకనే చూశాను. కుంటిందా? కుంటలేదనే నాకు గుర్తు. కానీ నా గుర్తు మీద నాకు నమ్మకం తక్కువ.

మేం అబాయాలు వేసుకున్నాక ఆపా తలుపు తీసింది. జగిత్యాల అన్న తల వంచుకునే లోపలికొచ్చి, పానా తీస్తూ, “మంచిగ చేసిందా బిడ్డ?” అన్నాడు.

ఇంటికెళ్ళి కాలు పట్టుకుని చూశాను. వాపు లేదు. నొక్కితే అరవలేదు. హైదరాబాద్ వచ్చిన కొన్ని వారాలకు మాత్రం పిల్ల కుంటడం మొదలుపెట్టింది. ఎక్స్‌రేలో మడమ పైన వెంట్రుకలాంటి చీలిక కనిపించింది. “పాతదా డాక్టర్‌గారూ?” అంటే, “కావచ్చు. కొత్తదీ కావచ్చు. చూసి చెప్పలేనమ్మా,” అన్నాడు. పెదనాన్న పిల్లలతో పిట్టగోడ మీద నుంచి దూకినప్పుడు అయిందని మా అమ్మాయి అప్పుడూ చెప్పింది, ఇప్పుడూ అదే చెబుతుంది. దూకిన మాట నిజమే. బెంగళూరు సీటు ఎవరికో వెళ్ళింది. కాలు బాగయ్యాక కూడా పిల్ల మళ్ళీ దూలం ఎక్కలేదు. హైదరాబాద్‌లో నేర్పేవాళ్ళు ఉన్నారు అంటే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఇప్పుడు డిగ్రీ చివరి ఏడాది. మామూలుగా నవ్వుతుంది, మామూలుగా పోట్లాడుతుంది. ఏం కాను అన్న పిల్ల ఏదో ఒకటి అయింది. అది నాకు సంతోషమే. అయినా టీవీలో జిమ్నాస్టిక్స్ వస్తే ఇప్పటికీ మా ఇంట్లో ఎవరో ఒకరం ఛానెల్ మారుస్తాం.

ఆపా మెసేజ్ వచ్చిన రోజు మా అమ్మాయి వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. చెప్పాను. కుళాయి కట్టేసింది. “ఎప్పుడు?” అంది. తడిచేతులు చున్నీకి తుడుచుకుంది.

“నేను చేసేదాన్ని మమ్మీ.”

గొంతులో కోపం లేదు. ఆ మాట ఇన్నేళ్ళలో మొదటిసారి అంది.

“చేస్తానని ఆమెకూ తెలుసు,” అంది మళ్ళీ.

“మరి అందుకే ఆపిందంటవా?”

“నన్నడుగుతావేంటి? ఆమెనడగాల్సింది,” అని కుళాయి విప్పింది. నీళ్ళ చప్పుడులో ఏడ్చిందో లేదో నాకు తెలియలేదు. వెళ్ళి వీపు మీద చెయ్యి వేద్దామనుకున్నాను. ఎందుకో తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఆ రోజు మేం కారెక్కినప్పటి దృశ్యం ఒకటి ఎవరికీ చెప్పలేదు. జిమ్నాస్టులకు ఒక పద్ధతి ఉంది. ఆట బాగా కుదిరినా, మధ్యలో పడిపోయినా సరే, చివర న్యాయనిర్ణేతల వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి, గడ్డం ఎత్తి నిలబడాలి. కారు సందు మలుపు తిరుగుతుంటే వెనక అద్దంలోంచి చూశాను. లారీ పక్కన కాలిబాట మీద, నల్లటి అబాయాలో, కోచ్ మా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. అబాయా చేతులు మోచేతుల దాకా జారిపోయాయి. పనివాళ్ళు ఆమెను తప్పించుకుంటూ సామాను మోస్తున్నారు. నా కూతురు ముందుకే చూస్తూ కూర్చుంది, వెనక్కి తిరగలేదు. కోచ్ చేతులు దించేలోపు గోడ అడ్డం వచ్చింది.

ఆమె నా బిడ్డను కాపాడిందా, తన భయంతో నా బిడ్డను ఆపేసిందా? నాకు తెలియదు. ఇప్పటికీ తేల్చుకోలేదు.